బైండ్ చేసేటప్పుడు చివరి ఆర్గ్యుమెంట్‌ను వదిలేయకండి
ప్రోగ్రామ్ నుంచి డేటాబేస్‌తో మాట్లాడించే ఓడీబీసీలో, ఒక కాలమ్ విలువ మన వేరియబుల్‌లోకి వచ్చేలా ముడిపెట్టే ఎస్‌క్యూఎల్‌బైండ్‌కాల్ (SQLBindCol) ఫంక్షన్ రాసేటప్పుడు చివరి ఆర్గ్యుమెంట్ దగ్గర బద్ధకించి నల్ పాయింటర్ ఇచ్చేస్తుంటాం. నేనూ ఆ తప్పు చేసినవాడినే. డేటా నిండుగా ఉన్నంతకాలం అంతా సవ్యంగా నడుస్తుంది. ఏదో ఒక వరుసలో ఆ కాలమ్ నల్‌గా, అంటే విలువే లేకుండా, వచ్చిన రోజున ఫెచ్ (వరుసను తెచ్చే పని) 22002 ఎర్రర్‌తో ఆగిపోతుంది.

ఆ చివరి ఆర్గ్యుమెంట్‌లో, వచ్చింది నల్ అవునో కాదో చెప్పే ఒక ఇండికేటర్ వేరియబుల్ ఇవ్వండి. ఇస్తే చాలదు, ప్రతి ఫెచ్ తర్వాత అందులో ఎస్‌క్యూఎల్_నల్_డేటా ఉందేమో చూడాలి. నల్ వచ్చినప్పుడు డ్రైవర్ సాధారణంగా విలువ కోసం మీరిచ్చిన బఫర్‌ను ముట్టుకోదు. పాత వరుసలోని విలువ అక్కడే ఉండి కొత్తదానిలా నమ్మిస్తుంది. నన్నడిగితే ఎర్రరే నయం, కనీసం కనిపిస్తుంది.

అన్నట్టు, బైండింగ్ కాలమ్ సంఖ్యను బట్టి జరుగుతుంది, 1 నుంచి లెక్క. కాలమ్‌ల క్రమం మారితే విలువలు తప్పు చోటికి వెళ్తాయి. అందుకే సెలెక్ట్ పక్కన అన్ని కాలమ్‌లూ అని చెప్పే నక్షత్రం గుర్తు పెట్టకుండా కాలమ్ పేర్లే వరుసగా రాయండి.