వాన కాలువ మారుస్తున్నారా? ముందు దాని తోక చూసి రండి

మా వీధి వాన నీటి కాలువ పగలగొట్టి కొత్తది కడతారని తెలిసిన రోజు ఫ్లాట్ల వాట్సాప్ గ్రూపులో ఒకటే సంబరం. నేనూ సంబరపడ్డాను. చెన్నై తిరువాన్మియూరులో, సముద్రానికి మూడు వీధుల ఇవతల ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్నాం. నవంబరు వస్తే కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో బడికి వెళ్ళిన లెక్కల టీచర్ని. రిటైరయ్యాక అసోసియేషన్ సెక్రటరీ పని నా నెత్తిన పడింది. వెంటనే అర్జీ రాశాను, కాలువ ఇంకా వెడల్పుగా, ఇంకా లోతుగా కట్టమని. వాన రోజు తీసిన ఇరవై ఫోటోలు జతచేశాను.

ఆ ఫోటోలు చూసి మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న చిత్తూరాయన నవ్వాడు. "టీచరమ్మా, వాన నాడు ఏ కాలవలో అయినా నీళ్ళే కదమ్మా. వాన లేనప్పుడు బీచ్ కాడికి పోయి చూడండి, అప్పుడు తెలస్తాది" అన్నాడు. మే నెల అది, రెండు నెలలుగా చినుకు లేదు. వెళ్ళి చూస్తే కాలువ నోట్లోంచి నల్లటి నీళ్ళు నురగతో సహా ఇసకలోకి జారుతున్నాయి. వాన లేదు కదా, మరి ఈ నీళ్ళెవరివి?

మీ వీధికీ ఇలాంటి పని వస్తే, దానివల్ల సముద్రానికీ బావికీ ఏమవుతుందో ఇంజినీరు కానివాళ్ళు కూడా పరిశీలించొచ్చు. నేను చేసిన తప్పులతో సహా చెబుతాను. నా పద్ధతి ఒకటే: కాలువని సముద్రం వైపు నుంచి ఇంటి వైపు చదువుకుంటూ రావాలి.

వాన లేని రోజు నడక

వరసగా నాలుగు రోజులు వాన లేకపోతే ఐదో రోజు పొద్దున ఆరున్నరకి బయల్దేరండి. ఇళ్ళల్లో స్నానాలు, బట్టలు, గిన్నెలు నడిచే వేళ అది. కాలువ నోటి దగ్గర మొదలుపెట్టి, మూతల సందుల్లోంచి, జాలీల్లోంచి చూస్తూ వెనక్కి నడవండి. నీళ్ళు కదులుతున్నాయా, ఎక్కడి నుంచి మొదలయ్యాయి, పక్క గోడలోంచి ఏ పైపు వచ్చి కలుస్తోంది, అన్నీ నోటు పుస్తకంలో వీధి బొమ్మ గీసుకుని గుర్తు పెట్టుకోండి. మూతలు మాత్రం ఎత్తకండి, ఎవరినీ లోపలికి దింపకండి. లోపల విషవాయువు ఉండొచ్చు.

ఒక టీడీఎస్ మీటరు కొనండి, కొన్ని వందలకే దొరుకుతుంది. నీళ్ళలో ఉప్పులు లాంటివి ఎంత కరిగి ఉన్నాయో లీటరుకి మిల్లీగ్రాముల్లో చూపిస్తుంది. తాడు కట్టిన చిన్న బకెట్టుతో జాలీ లేని చోట నీళ్ళు చేది చూడండి. వాన నీటికి టీడీఎస్ చాలా తక్కువ, రెండంకెల్లో ఉంటుంది. సముద్రపు నీటికి సుమారు 35,000, చౌక మీటరు అక్కడ చేతులెత్తేస్తుంది. కాలువలో రెండొందల మీటర్లు లోపలికొచ్చాక కూడా వేలల్లో చూపిస్తే సముద్రం వెనక్కి ఎక్కుతోందన్నమాట. వెయ్యి దగ్గర తిరుగుతూ సబ్బు నురగ, వాసన కూడా ఉంటే అవి ఇళ్ళ నీళ్ళు. మా వైపు బోరు నీళ్ళే ఉప్పన కాబట్టి వాడిన నీళ్ళు అలా వస్తాయి. మీ వీధి లెక్క మీ కుళాయితో మొదలుపెట్టి పోల్చుకోండి.

నేను పద్నాలుగు పైపులు లెక్కపెట్టాను. అందులో ఒకటి మా ఫ్లాట్లదే. గ్రౌండ్ ఫ్లోర్ వాషింగ్ మెషిన్ నీళ్ళని ఎప్పుడో ఒక ప్లంబరు దగ్గరి దారి అని వాన కాలువలోకి తిప్పేశాడు. అర్జీ రాసిన సెక్రటరీ బిల్డింగే! సిగ్గేసింది. మిగతా పదమూడు ఇళ్ళ తలుపు తట్టే ముందు మూడు వేల ఎనిమిది వందలు ఖర్చుపెట్టి మాది సరిచేయించాను. మీరూ అలాగే చేయండి, లేకపోతే మీటింగులో మొదటి ప్రశ్న మీకే వస్తుంది.

చెన్నైలో వాన నీటి కాలువలు కార్పొరేషన్ చూస్తుంది, మురుగు పైపులు మెట్రో వాటర్ చూస్తుంది. కాబట్టి మీ బొమ్మ రెండు కాపీలు తీసి ఇద్దరికీ ఇచ్చి, రెండింటి మీదా అందినట్టు ముద్ర వేయించుకోండి. పైపులు తెంపకుండా కాలువ మారిస్తే ఒరిగేదేమీ లేదు. పగుళ్ళున్న పాత ఇటుక కాలువలో మురుగు నింపాదిగా పోయేది, నున్నటి కాంక్రీటు కాలువలో పరుగెత్తుకుంటూ పోయి సముద్రంలో పడుతుంది.

ఎంత పెద్దది కాదు, ఎంత ఎత్తున తేలుతుంది

ఇక్కడ నా లెక్కల పిచ్చిని భరించాలి. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా నాలుగు వీధులూ కలిపి దాదాపు ఆరు హెక్టార్లు, అంటే 60,000 చదరపు మీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్లు కురిస్తే 30 లక్షల లీటర్లు. కప్పులు, సిమెంటు, తారు ఎక్కువ కాబట్టి అందులో 70 శాతం కాలువలోకి వస్తుందనుకుంటే 21 లక్షలు. మనకి తెలిసిన భాషలో 12,000 లీటర్ల నీళ్ళ లారీలు 175. సెకనుకి 580 లీటర్ల చిల్లర.

90 సెంటీమీటర్ల వెడల్పు కాలువలో 70 సెంటీమీటర్ల లోతున నీరు సెకనుకి మీటరు వేగంతో పోతే 630 లీటర్లు పోతాయి. అంటే సరిపోతుంది! నేను అడిగిన "ఇంకా వెడల్పు" అవసరమే లేదు. కానీ అదే సమయంలో సముద్రం పోటు మీద ఉండి కాలువ నోరు మునిగి ఉంటే, వేగం మూడో వంతుకి పడిపోయిందనుకోండి, 210 లీటర్లే పోతాయి. మిగతాది మా గేటు దగ్గరే. చెన్నై తీరంలో ఆటుకీ పోటుకీ తేడా మీటరు చుట్టుపక్కలే, కానీ చదునుగా ఉన్న వీధికి ఆ మీటరే ప్రాణం. పైగా మనకి వానలు దంచే అక్టోబరు, నవంబరుల్లోనే ఈ తీరంలో సముద్రమట్టం కూడా మిగతా నెలల కన్నా ఎత్తున ఉంటుంది.

కాబట్టి డ్రాయింగ్ చేతికి వస్తే ముందు వెడల్పు చూడకండి. ఎల్.ఎస్. డ్రాయింగ్ అని కాలువ పొడుగునా కోసి చూపించే బొమ్మ ఒకటుంటుంది. అందులో ఇన్వర్ట్ లెవెల్ అంటే కాలువ అడుగు ఎత్తు. సముద్రంలో కలిసే చోట ఆ అంకె ఎంత, అక్కడ పెద్ద పోటు ఎత్తు ఎంత, రెండూ ఒకే మట్టం నుంచి కొలిచారా అని అడగండి. ఇంకా లోతుగా తవ్వమని నేను రాసిన అర్జీని కనక మన్నించి ఉంటే, సముద్రాన్ని నేనే మా వీధిలోకి పిలిచినట్టయ్యేది.

నోటి దగ్గర ఇసక దిబ్బ సంగతి కూడా ఉంది. మన తీరంలో ఇసక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువ నడుస్తుంది. హార్బరు గోడలు అడ్డు పడ్డాక దక్షిణాన మెరీనా వెడల్పెక్కి, ఉత్తరాన రాయపురం వైపు కోసుకుపోయింది. చిన్న కాలువకైనా బీచ్ మీదికి కాంక్రీటు గోడ పొడుగ్గా చాపితే, చిన్న ఎత్తున అదే కథ. గోడ ఎంత దూరం వస్తుంది, నోరు ఇసకతో పూడితే ఎవరు, ఏడాదికి ఎన్నిసార్లు తీస్తారు, రాతపూర్వకంగా అడగండి. కుప్పంలో, అంటే జాలర్ల పేటలో, పడవలు లాక్కునే దారికి ఆ గోడ అడ్డమా అనేది ఆఫీసులో తెలియదు, కుప్పం వాళ్ళనే అడగాలి.

బావిని సాక్షిగా పెట్టుకోండి

మా బిల్డింగు వెనక సిమెంటు వరల బావి ఉంది. ప్రతి నెలా ఒకటో తేదీ పొద్దున మోటారు వేయకముందు, టేపుకి బరువు కట్టి అంచు నుంచి నీటి దాకా కొలుస్తాను, టీడీఎస్ చూస్తాను. పని మొదలవకముందు కనీసం ఒక వానాకాలం, ఒక ఎండాకాలం అంకెలు మీ దగ్గర ఉండాలి. తర్వాత మొదలుపెడితే "ముందు కూడా ఇలాగే ఉండేదేమో" అంటారు, మనం నోరు మూసుకోవాలి.

సముద్రం పక్క ఇసక నేలలో మంచినీళ్ళు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిస్తే, కింద నలభై మీటర్ల దాకా ఉప్పుని తొక్కిపట్టి ఉంచుతుందని పాఠాల్లో చెబుతారు. పైన ఆ మీటరు తరిగితే కింద ఉప్పు ఎగబాకుతుంది. తమిళనాడులో 2003లో ప్రతి బిల్డింగుకీ వాన నీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి చేసింది ఈ నీటి బాధ పడలేకే. ఇంటి కప్పు మీది నీళ్ళు ఇంకించి, వీధి నీళ్ళన్నీ సముద్రంలో పోస్తే ఎలా? ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) పక్కన కోవళం బేసిన్‌లో జర్మన్ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ అప్పుతో తలపెట్టిన కాలువల మీద నీలాంగరై వైపు జనం అడిగిందీ ఇదే. ఆ గొడవ పర్యావరణ కేసులు వినే నేషనల్ గ్రీన్ ట్రైబ్యునల్ దాకా వెళ్ళింది.

మీ నేల తాగుతుందో లేదో మీరే చూడొచ్చు. మా పార్కు మూలలో అడుగు గుంట తీసి బకెట్టు నీళ్ళు పోశాం, నాలుగు నిమిషాల్లో మాయం. వీధి మొదట్లో, బయటి మట్టి పోసి ఎత్తు పెంచిన చోట గంటైనా నిలబడ్డాయి. అందుకే మా మాట ఇది: నీళ్ళు ఇంకని ఆ మొదటి భాగానికి కాలువ కావాలి, పార్కు వైపు ఇంకుడు బావులు చాలు. కానీ ముందు ఆ పైపులు తెగాలి. మురుగు కలిసే కాలువకి ఇంకుడు బావి తవ్వితే, నా బావిలో నేనే విషం పోసుకున్నట్టు.

కాగితాలు

2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ జాబితాలో వీధి వాన కాలువ లేదు. కాబట్టి "ఎన్విరాన్‌మెంట్ క్లియరెన్స్ చూపించండి" అని ఎగిరితే "అక్కర్లేదు" అని జవాబొస్తుంది, మనం చిన్నబోతాం. అడగాల్సింది సీఆర్‌జెడ్ గురించి. 2019 జనవరి 18 నోటిఫికేషన్ ప్రకారం పోటు గీత నుంచి నేల వైపు 500 మీటర్ల దాకా తీర నియంత్రణ ప్రాంతం, అదే సీఆర్‌జెడ్. అందులో వాన కాలువ నిషేధం కాదు, కానీ నిబంధనలకి లోబడాలి. పాతదాన్ని అదే చోట, అదే కొలతతో బాగుచేస్తే మరమ్మతు అంటారు. నోరు పక్కకి జరిగినా, లోతు పెరిగినా, బీచ్ మీదికి కొత్త గోడ వచ్చినా అది మరమ్మతు ఎలా అవుతుందని అడగండి. తీర ప్రాంత మ్యాపులో మీ వీధి ఏ రంగులో ఉందో చూసుకుని వెళ్ళండి.

ఇవన్నీ తెప్పించుకోవడానికి సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. "పూర్తి వివరాలు ఇవ్వండి" అని రాయకండి. డీపీఆర్ (పని మొత్తం వివరంగా రాసిన ప్రాజెక్టు నివేదిక), ఎల్.ఎస్. డ్రాయింగ్, సీఆర్‌జెడ్ అనుమతి గానీ దానికి పెట్టిన దరఖాస్తు గానీ, తీసిన పూడిక ఎక్కడ పోస్తారో ఆ ఉత్తర్వు, ఇలా పేరుపెట్టి అడగండి. చాలామందికి తెలియని సంగతి, ఆ చట్టంలో 2(జె) ప్రకారం జరుగుతున్న పనిని వెళ్ళి చూసే హక్కు, వాడుతున్న సరుకు నమూనా తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. విదేశీ బ్యాంకు అప్పుతో చేసే పని అయితే పర్యావరణ నివేదిక వేరుగా ఉంటుంది, అదీ అడగండి.

ట్రైబ్యునల్ దాకా వెళ్ళే ఉద్దేశం లేకపోయినా తేదీలు రాసిపెట్టుకోండి. అనుమతి మీద అప్పీలుకి 30 రోజులు, మామూలు ఫిర్యాదుకి కారణం పుట్టిన ఆరు నెలలు. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇవ్వొచ్చు.

ఎప్పుడు తవ్వాలి

జనవరి నుంచి మార్చి దాకా మన బీచ్‌ల మీదికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర పైనే పడుతుంది. నీలాంగరై నుంచి బెసంట్ నగర్ దాకా రాత్రుళ్ళు నడిచి గుడ్లు కాపాడే విద్యార్థుల బృందం 1988 నుంచి పనిచేస్తోంది. వాళ్ళని అడిగితే మీ కాలువ నోటి దగ్గర గూళ్ళు దొరుకుతున్నాయో లేదో చెబుతారు. ఆ నెలల్లో బీచ్ చివర ఫ్లడ్ లైట్లు వేసి పని చేస్తే తాబేలు పిల్లలు సముద్రం అనుకుని వెలుతురు వైపు పాకుతాయి. అక్టోబరులో వానలు. కాబట్టి బీచ్ చివరి పనికి జూన్ నుంచి సెప్టెంబరు వరకే సమయం.

తవ్వేటప్పుడు గుంటలో ఊరే నీళ్ళని రాత్రింబవళ్ళు మోటార్లతో తోడతారు. అప్పుడు వారానికోసారి బావి కొలవండి. చెట్ల వేళ్ళు ఎటున్నాయో సున్నంతో గీత గీసి ముందే చూపించండి.

రెండో అర్జీ ఒక్క పేజీ రాశాను. మొదటిది వెనక్కి తీసుకుంటున్నానని మొదటి వాక్యంలోనే. ఫోటోలు మూడే పెట్టాను, మూడూ ఎండలో తీసినవి. జూనియర్ ఇంజినీరు ఒక శనివారం పొద్దున మాతో బీచ్ నుంచి వెనక్కి నడిచాడు. కుర్రాడు, ఓపిగ్గా పైపులన్నీ ఫోటో తీసుకున్నాడు. ఇప్పటికి తొమ్మిది తెగాయి, ఐదు మిగిలాయి. ఈ నెల ఒకటో తేదీ బావి అంచు నుంచి నీళ్ళకి పన్నెండడుగుల నాలుగంగుళాలు, టీడీఎస్ 940. తవ్వకం ఇంకా మొదలవలేదు.