చిన్న బగ్ సవరణను రివ్యూ చేయడం ఎలా?

రెండు వరుసల మార్పే కదా అని పైపైన చూసి ఆమోదించిన సవరణలు నెల తిరగకముందే కొత్త బగ్‌లుగా వచ్చి పడటం నేను చాలాసార్లు చూశాను.

గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం), ప్రాజెక్టు నడిచే కంప్యూటర్, అరగంట తీరిక ఉంటే చాలు. ముందు బగ్ రిపోర్టు చదవాలి, ఆ తర్వాతే కోడ్ తెరవాలి. ఈ వరుస తప్పితే, సవరణ రాసినవారి ఊహనే మనమూ నమ్మేస్తాము. సవరణ ఉన్న బ్రాంచ్‌ను, అంటే కోడ్‌కు వేరుగా ఉంచిన ప్రతిని, మీ కంప్యూటర్‌లోకి తెచ్చుకుని నడపాలి. బ్రౌజర్‌లో చదివి సరేననడం రివ్యూ కాదు. సంబంధం లేని పేర్ల మార్పులు, ఖాళీల సర్దుబాట్లు కలిసి వస్తే, వాటిని వేరే కమిట్‌గా (గిట్‌లో నమోదయ్యే విడి మార్పుగా) పంపమనాలి.

అసలు కష్టం టెస్ట్ దగ్గర, అంటే కోడ్ సరిగా పనిచేస్తోందో చూసే చిన్న ప్రోగ్రామ్ దగ్గర ఉంది. టెస్ట్ పాసయితే సవరణ సరైనదని అనుకోకూడదు. సవరణను తీసేసినప్పుడు అదే టెస్ట్ ఫెయిల్ కావాలి. గిట్‌లోని రీస్టోర్ ఆదేశంతో సవరించిన ఫైల్‌ను మాత్రమే మెయిన్ బ్రాంచ్‌లోని పాత రూపానికి మార్చి, టెస్ట్ ఫైల్‌ను అలాగే ఉంచి నడపండి. అప్పుడూ పాసయితే ఆ టెస్ట్ ఈ బగ్‌ను పరీక్షించడం లేదు. ఫెయిలయితే వచ్చిన సందేశాన్ని పూర్తిగా చదవండి. ఏదో ఫంక్షన్ దొరకక ఆగిపోయిందా, బగ్ రిపోర్టులో చెప్పిన తప్పుడు ఫలితమే వచ్చిందా అన్నది తేలాలి.

ఇది దాటినా తొందరపడకూడదు. ఒక ప్రాజెక్టులో పేర్లను 8 కోడ్ పాయింట్ల దగ్గర కత్తిరించేవారు. కంప్యూటర్లు లిపులను దాచుకునే ప్రమాణమైన యూనికోడ్‌లో హల్లు, గుణింతపు గుర్తు, సున్న, పొల్లు ఒక్కొక్కటీ ఒక కోడ్ పాయింట్. దాంతో ‘వెంకటలక్ష్మి’ తెరమీద ‘వెంకటలక్’ అని పొల్లుతో ఆగిపోయేది. సవరణలో 8ని 12 చేశారు. పేరు పూర్తిగా కనిపించింది, టెస్ట్ కూడా పాసయింది, సవరణ తీసేస్తే ఫెయిలయింది. నేను ‘వెంకటసుబ్బలక్ష్మి’ ఇచ్చి చూస్తే ‘వెంకటసుబ్బలక’ వచ్చింది. సంయుక్తాక్షరం మధ్యలో కోయడమే తప్పు, దానిని ఎవరూ ముట్టుకోలేదు. అందుకే రిపోర్టులో లేని ఇంకొక ఉదాహరణను రివ్యూ చేసేవారే తయారు చేసుకోవాలి. దీనిని రాసినవారికి వదిలిపెట్టకూడదు.

రెండోసారి వచ్చిన సవరణ 8 కోడ్ పాయింట్లకు బదులు 8 అక్షరాలను లెక్కించి, అక్షరం హద్దు దగ్గరే కత్తిరించింది. పద్ధతి సరైనదే, కానీ తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా చూసే నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు నియమాలను పాటించే లైబ్రరీ (ప్రాజెక్టు వాడుకునే, ఇతరులు రాసిన కోడ్) ‘క్ష్మి’ని క్, ష్, మి అని మూడుగా లెక్కిస్తుంది, అప్పుడు ఆ పెద్ద పేరు ‘వెంకటసుబ్బలక్’ దగ్గరే ఆగుతుంది. కొత్త లైబ్రరీ ఉన్న కంప్యూటర్‌లో మాత్రం అది ఏడు అక్షరాలే, పూర్తిగా కనిపిస్తుంది. కాబట్టి ప్రాజెక్టు మద్దతిచ్చే అతి పాత లైబ్రరీతో కూడా టెస్ట్‌ను నడిపించి చూడాలి.

వ్యాఖ్య రాసేటప్పుడు ‘ఇది సరిగా లేదు’ అని ఊరుకోకుండా, మీరు ఇచ్చిన పేరును, వచ్చిన ఫలితాన్ని, రావలసిన ఫలితాన్ని మూడింటినీ రాయండి. కమిట్ సందేశంలో తప్పుకు కారణం ఉండాలి. లినక్స్ కెర్నెల్‌లో ‘ఫిక్సెస్’ అనే వరుసలో, బగ్‌ను తెచ్చిన కమిట్ హ్యాష్‌లోని (దాని గుర్తింపు కోడ్‌లోని) కనీసం మొదటి 12 అక్షరాలను రాస్తారు. చిన్న ప్రాజెక్టులోనైనా ఆ వరుస లేనిదే నేను సవరణను మెర్జ్ చేయను, అంటే మెయిన్ బ్రాంచ్‌లో కలపను.