ఆటలమ్మ పోసిన ఇంట్లో కడుపుతో ఉన్న అమ్మాయి ఉంటే

ఎండలు ముదురుతున్నాయి. హాస్టల్లో పిల్లలకు ఆటలమ్మ పోసిందని, ఇళ్లకు పంపేశారని మళ్లీ వార్తలు వస్తున్నాయి. పిల్లాణ్ని వేరే గదిలో పడుకోబెట్టాలని, గుమ్మానికి వేపమండలు కట్టాలని మన ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇళ్లను కుంగదీసే తప్పు ఇంకోటి ఉంది. పిల్లాడు వచ్చిన ఇంట్లోనే కాన్పుకొచ్చిన ఆడపిల్ల ఉంటుంది. ఆమెకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందో లేదో ఎవరూ అడగరు.

ఈరోజే అడగండి. "వచ్చే ఉంటుందిలే" అన్నది జవాబు కాదు. వచ్చినట్టు ఆమెను కన్నతల్లికి స్పష్టంగా గుర్తుండాలి, లేదా రెండు డోసుల టీకా వేసినట్టు కార్డుండాలి. రెండూ లేకపోతే వేరిసెల్లా ఐజీజీ రక్తపరీక్ష చేయించాలి, ఆటలమ్మను తట్టుకునే శక్తి ఒంట్లో ఉందో లేదో అది చెబుతుంది. ఈ టీకా ప్రభుత్వం ఉచితంగా వేసే జాబితాలో లేదు కాబట్టి చాలామందికి పడి ఉండదు.

గది మార్చాం కదా అన్న ధైర్యం వద్దు. పొక్కులు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇది గాలిలో అంటుకుంటుంది. ఒకే గదిలో పావుగంట కూర్చున్నా తగిలినట్టే లెక్క. ఇదివరకు రానివాళ్లు ఒకే ఇంట్లో పదిమంది ఉంటే తొమ్మిదిమంది దాకా పడిపోతారు.

పిల్లాడికి పొక్కు కనబడిన రోజే, కడుపుతో ఉన్న అమ్మాయిని చూసే డాక్టరుకు ఫోన్ చేసి ఆమెకు ఎన్నో వారమో, పిల్లాణ్ని ఏ రోజు కలిసిందో చెప్పండి. రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కలిసిన 10 రోజుల లోపే వేయాలి, ఎంత ముందైతే అంత మేలు. అది అన్ని ఊళ్లలో దొరకదు, వెతకడానికే రెండు రోజులు పోతాయి. దొరక్కపోతే వైరస్‌ను అణిచే మాత్రలు ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చెబుతారు. చెప్పకుండా ఆస్పత్రికి తీసుకెళ్లి కూర్చోబెట్టకండి. అక్కడ పక్క కుర్చీలో ఉండేది మరో గర్భిణి.

తొలి 20 వారాల్లో తల్లికి ఆటలమ్మ పోస్తే నూటికి ఒకరిద్దరు బిడ్డలకు కళ్లు, చేతులు, కాళ్లు దెబ్బతింటాయి. నెలలు మీదపడ్డాక తల్లికి న్యుమోనియా భయం. కాన్పుకు 5 రోజుల ముందు నుంచి కాన్పయ్యాక 2 రోజుల లోపు తల్లికి పొక్కులొస్తే బిడ్డ ప్రాణానికే ముప్పు. తల్లి నుంచి బిడ్డకు రోగం చేరుతుంది, దాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలు మాత్రం అందవు.

పిల్లాణ్ని ఇంకా కలవకపోతే ఆమెను వెంటనే అత్తారింటికి పంపండి. కలిసిపోయి ఉంటే, 8వ రోజు నుంచి 21వ రోజు దాకా కడుపుతో ఉన్నవాళ్లు, పసిపిల్లలు ఉన్న ఇంటికి పంపొద్దు. ఇంజెక్షన్ వేయించుకుంటే ఆ లెక్క 28 రోజులు. ఈ మధ్యలో సీమంతం పెట్టుకుంటే వాయిదా వేయండి. సీమంతానికి వచ్చేవాళ్లలో కడుపుతో ఉన్నవాళ్లు ఎందరో ఎవరికి తెలుసు?

ఇక పిల్లాడి సంగతి. జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే, కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, 6 గంటల ఎడంతో. 10 కిలోల పిల్లాడికి 150. సీసా మీద 5 మి.లీ.కి 250 అని ఉంటే 3 మి.లీ., 125 అని ఉంటే 6 మి.లీ. చుక్కల మందు ఇంకా చిక్కగా ఉంటుంది, సిరప్ కొలతతో పోయొద్దు.

ఆస్పిరిన్ వద్దు, కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీయొచ్చు. ఇబుప్రొఫెన్ కూడా వద్దు.

రోజూ గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించండి. నీళ్లు పోసే రోజు దాకా ఆపితే పొక్కుల్లో చీము పట్టొచ్చు. వేపాకు పరుపు మీద పరచుకోండి, పగిలిన పొక్కు మీద నూరి రాయకండి. గోళ్లు కత్తిరించండి. స్నానమయ్యాక ఒళ్లు తుడవకుండా బట్టతో అద్దండి.

పప్పన్నం, గుడ్డు మానిపించకండి.

సేవ చేసేవాళ్లు ఆటలమ్మ వచ్చిపోయినవాళ్లే అయి ఉండాలి. కడుపుతో ఉన్న అమ్మాయి పిల్లాడి బట్టలు కూడా ముట్టొద్దు.

తొమ్మిదో రోజు నీళ్లు పోశామని తలుపులు తీయకండి. ఆఖరి పొక్కు కూడా ఎండి చెక్కు కట్టిందో లేదో చూడండి. ఆ రోజు చుట్టాలను భోజనానికి పిలవకండి.

తమ్ముడికి ఇప్పుడు రాలేదంటే తప్పించుకున్నట్టు కాదు. కలిసిన 10 నుంచి 21 రోజుల మధ్య ఎప్పుడైనా పోయొచ్చు, ఇంట్లో రెండోవాడికి పొక్కులు ఎక్కువే వస్తాయి. కలిసిన 3 నుంచి 5 రోజుల్లో టీకా వేయిస్తే చాలావరకు ఆగుతుంది. గర్భిణికి మాత్రం ఆ టీకా వేయించొద్దు.

పెద్దవాళ్లకు వస్తే తొలి పొక్కు కనబడిన 24 గంటల్లో డాక్టరును కలవండి. వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ మందు బాగా పనిచేసేది అప్పుడే.

ఇంట్లో స్టెరాయిడ్ వాడుతున్న పిల్లలుంటే అదే రోజు డాక్టరుకు చెప్పండి. మందు మీ అంతట మీరు ఆపొద్దు.

తాతయ్యకు ఒంటికి ఒక పక్క పొక్కులతో సర్పి లేచినా గర్భిణి దూరం. ఆ పొక్కుల నీరు తగిలితే వచ్చేది ఆటలమ్మే.

తగ్గిన జ్వరం మళ్లీ వచ్చినా, పొక్కు చుట్టూ ఎర్రగా వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, మగతగా ఉన్నా, నడక తూలినా ఆస్పత్రికి వెళ్లండి. తెల్లారేదాకా ఆగకండి.

కడుపుతో ఉన్న అమ్మాయిని అడిగారా? పక్కింట్లో, మేడ మీద వాటాలో ఉన్నవాళ్లనూ అడగండి.