ముసురు రోజుల్లో రెండు గదుల ఇంట్లో బట్టలు ఆరబెట్టడం: నా అనుభవం

హన్మకొండ, కాజీపేటల్లోని రెండు గదుల పోర్షన్లలో ముసురు పట్టిందంటే బట్టలకు ముక్క వాసన తప్పదు. సబ్బు పొడి ఎక్కువేస్తే అది పోదు. తడి గంటల తరబడి నిలిస్తే బ్యాక్టీరియా పెరుగుతుంది, వాసన దానిదే. అందుకే ఆరే సమయం తగ్గించడం మీదే దృష్టి పెట్టాం.

మిషన్‌లో ఎన్ని పడతాయో కాదు, దండెం మీద ఎన్ని ఆరతాయో చూసి ఉతకాలి. యూనిఫాంలు, లోదుస్తులు ఒకరోజు. దుప్పట్లు విడిగా ఇంకోరోజు. నూలు బట్టలకు స్పిన్ రెండోసారి తిప్పితే చాలా నీరు పోతుంది.

అడ్డం వచ్చే దండెం తీసేసి, సీలింగ్‌కు కప్పీలతో పైకి లాగే పైపుల హ్యాంగర్ బిగించాం. దీనికి స్క్రూ పట్టడానికి రంధ్రంలో దిగ్గొట్టే ప్లాస్టిక్ గట్టాలు వద్దు. బరువు నేరుగా కిందికి లాగుతుంది కాబట్టి ఊడొస్తాయి. స్లాబుకు ఇనుప యాంకర్ బోల్టులే వేయించాలి. ఫ్యాన్ రెక్కలకు బట్టలు తగలనంత దూరం తప్పనిసరి. మందపాటివి పైపు విడిచి పైపు వేయాలి. జీన్స్ తిరగేసి, నడుము గొట్టంలా తెరుచుకునేలా క్లిప్పులు పెడితే జేబులూ ఆరతాయి.

కిటికీ మూసి ఫ్యాన్ వేస్తే తేమ గదిలోనే తిరుగుతుంది. వాన జల్లు రాని వైపు కిటికీ తెరవండి.

అప్పటికే వాసన పట్టిన తువ్వాళ్లను బకెట్ వేడినీళ్లలో రెండు చెంచాల వాషింగ్ సోడాతో అరగంట నానబెట్టి ఉతకాలి. పట్టు, ఉన్ని బట్టలకు ఈ సోడా అస్సలు వాడొద్దు.