నలుగురు టీచర్ల దగ్గర బ్యాలే నేర్చుకుంటుంటే గందరగోళపడకుండా ఎలా?

న్యూయార్క్‌లో పెద్దవాళ్లు బ్యాలే నేర్చుకోవాలంటే ఏడాది ఫీజు కట్టి చేరక్కర్లేదు. ఓపెన్ క్లాసులుంటాయి. ఆ రోజుకి డబ్బు కట్టి లోపలికెళ్లడమే. 1979లో మొదలై, బ్రాడ్‌వే మీద 74వ వీధి దగ్గర నడుస్తున్న స్టెప్స్ లాంటి స్టూడియోలో పొద్దున ఒక టీచరుంటే సాయంత్రం ఇంకొకరు ఉంటారు. ఆఫీసు అయ్యాక ఏది కుదిరితే దానికి వెళ్తాం కాబట్టి, మనం కోరుకోకపోయినా నలుగురైదుగురు టీచర్లు తగులుతారు. ఒకరు చేయమన్నది ఇంకొకరు వద్దంటారు. చిక్కంతా అక్కడే.

1. మొదట ఒక్కరినే పట్టుకోండి. వారానికి రెండు క్లాసులు కుదిరితే కొన్ని నెలలపాటు ఆ రెండూ ఒకే టీచర్ దగ్గర చేయండి. ‘బిగినర్’ అని రాసుంది కదా అని ధీమాగా వెళ్లకండి. ఆ ఊళ్లో బిగినర్ క్లాసులో ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్లు కూడా ఉంటారు. అసలేమీ రానివాళ్ల కోసం పెట్టే క్లాసు ఏదో డెస్క్ దగ్గర అడిగి తెలుసుకోండి.

2. కొత్త టీచర్ ఏ పద్ధతిలో నేర్చుకున్నారో కనుక్కోండి. స్టూడియో వెబ్‌సైట్‌లో వాళ్ల పరిచయం చదివితే చాలావరకు తెలిసిపోతుంది. రష్యన్ వాగనోవా, ఇటాలియన్ చెకెట్టి, 1920లో లండన్‌లో మొదలైన రాయల్ అకాడమీ, అమెరికాలో బాలంచిన్ పద్ధతి ఎక్కువగా వినిపిస్తాయి. రెండు చేతులూ తల మీదికి గుండ్రంగా ఎత్తితే చెకెట్టిలో అది ఐదో పొజిషన్, వాగనోవాలో మూడోది. అరబెస్క్‌లు (ఒక కాలి మీద నిలబడి రెండోది వెనక్కి చాచే భంగిమలు) చెకెట్టిలో ఐదు, వాగనోవాలో నాలుగు. అందుకే ‘మూడో అరబెస్క్’ అనగానే సగం మంది ఒకలా, మిగతావాళ్లు ఇంకోలా నిలబడతారు. పిరువెట్‌కి (ఒంటికాలి మీద గిర్రున తిరగడానికి) ముందు బాలంచిన్ టీచర్ వెనక కాలు నిటారుగా ఉంచమంటారు, చాలామంది ఇతర టీచర్లు రెండు మోకాళ్లూ వంచమంటారు. ఇద్దరిలో ఎవరూ తప్పు కాదు.

3. ఎవరి క్లాసులో వాళ్ల మాటే వినండి. “మా టీచర్ ఇలా చెప్పలేదే” అని అక్కడ వాదన పెట్టుకోవద్దు. ఫ్రాపేలో (పాదాన్ని చీలమండ దగ్గర్నుంచి చురుగ్గా బయటికి విసిరే కదలికలో) పాదం నేలకు తగిలేలా కొట్టమంటే కొట్టండి. వేళ్లు చాచి, నేల తాకకుండా చేయమంటే అలాగే చేయండి. అనుమానముంటే క్లాసయ్యాక నిమిషంలో అడిగేయొచ్చు.

4. ఇంటికొచ్చాక దిద్దుబాట్లు రాసుకోండి. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. చేతులు, తల, పొజిషన్ల నంబర్లు పద్ధతిని బట్టి మారతాయి. వాటి గురించి టెన్షన్ పడకండి. మోకాలు పాదం వేళ్ల వైపే వంగడం, టర్నౌట్ (కాళ్లు బయటివైపుకి తిప్పడం) తుంటి నుంచి రావడం మాత్రం ఎవరి దగ్గరైనా ఒకటే. ఒక టీచర్ “పొట్ట లోపలికి” అంటారు, ఇంకొకరు “పక్కటెముకలు తెరుచుకుంటున్నాయి” అంటారు. రెండూ నడుము వంపు గురించే కావచ్చు. వేర్వేరు మాటల్లో ఇద్దరూ ఒకే తప్పు ఎత్తిచూపిస్తే, ఆ నెలంతా దాని మీదే పని చేయండి.

చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నవాళ్లు ఆ సంగతి టీచర్‌కి ముందే చెప్పడం మంచిది. మోకాళ్లు పక్కలకు తెరవడం మనకు కొత్త కాదు. కానీ అరమండిలో కింద నిలిచి ఉండటం అలవాటు కదా, ప్లియేలో (మోకాళ్లు వంచడంలో) దిగడం, లేవడం ఆగకుండా సాగాలి. దూకి దిగేటప్పుడు అడుగు చప్పుడు వినిపించకూడదు. అలవాటు కొద్దీ మనం గట్టిగా తడతాం.

5. కొత్త క్లాసుకి పది నిమిషాలు ముందే వెళ్లండి. బార్ (పట్టుకుని చేసే అడ్డకర్ర) దగ్గర రోజూ వచ్చేవాళ్లకు సొంత చోట్లుంటాయి, ఎక్కడ నిలబడాలో అడిగితే వాళ్లే చూపిస్తారు. మీ ముందొకరు, వెనకొకరు ఉండేలా చూసుకోండి. అటు తిరిగినప్పుడు కూడా చూసి చేయడానికి ఒకరుంటారు. పాత దెబ్బలుంటే, చేత్తో సరిదిద్దడం ఇష్టం లేకపోతే, బార్ దగ్గరి వ్యాయామాలు మొదలవకముందే చెప్పేయండి.

పాయింట్ షూస్ (కాలివేళ్ల కొనల మీద నిలబడటానికి వేసుకునే బూట్లు) సంగతి మాత్రం నలుగురినీ అడగొద్దు. ఒక్క క్లాసు చూసి “వేసుకోవచ్చు” అనేవాళ్లు ఉంటారు. మీ చీలమండల బలం నెలల తరబడి చూసిన టీచర్‌నే అడగండి. ఆవిడ ఇంకా వద్దంటే ఆగండి.