యురేనియం పరీక్షకు బోరు నీళ్లు, చెరువు మట్టి శాంపిళ్లు ఎలా పట్టాలి?

చిత్తూరు, తిరుపతి వైపు బోర్లు చాలావరకు గ్రానైట్, నైస్ (గ్రానైట్‌లాగే గట్టిగా ఉండే చారల రాయి) రాళ్లలోకే దిగుతాయి. గ్రానైట్‌లో టన్నుకు 3 నుంచి 5 గ్రాముల యురేనియం ఉండడం మామూలే. అందులో ఎంత నీళ్లలోకి దిగుతుందన్నది ఆ నీటి గుణాన్ని బట్టి కూడా ఉంటుంది. ఆకులు, వేళ్లు, పేడ కుళ్లిపోగా మిగిలే నల్లటి పదార్థంలోని హ్యూమిక్ ఆమ్లాలు యురేనియాన్ని పట్టి ఉంచుతాయి. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, 7 కంటే తక్కువైతే ఆమ్లం) 4–7 మధ్య ఆ పట్టు గట్టిగా ఉంటుంది. పీహెచ్ 7 దాటి, బైకార్బనేటు, కాల్షియం ఎక్కువైతే యురేనియం వాటితో కలిసి నీళ్లలోనే ఉండిపోతుంది. కాబట్టి యురేనియం అంకె ఒక్కటే తెప్పించుకుంటే కారణం తెలియదు. ఒకే బోరు నుంచి మూడు సీసాలు పట్టాలి.

ముందు మోటారు వేసి 10–15 నిమిషాలు నీళ్లు వదిలేయండి. ఈసీ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను బట్టి కరెంటు ఎంత పారుతుందో చూపేది) రీడింగు నిలకడగా వచ్చాకే సీసా పెట్టాలి. ట్యాంకు కుళాయి నీళ్లు పనికిరావు. పీహెచ్ అక్కడికక్కడే చూడండి. నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయేకొద్దీ పీహెచ్ పెరిగిపోతుంది.

మొదటి సీసా యురేనియానికి: 250 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసా, 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగినది. 0.45 మైక్రాన్ ఫిల్టరులో మొదట దిగిన 20–30 మిల్లీలీటర్లు పారబోసి, తర్వాతివి నింపండి. ఆపైన 0.5 మిల్లీలీటరు గాఢ నైట్రిక్ ఆమ్లం కలిపి, పీహెచ్ 2 కంటే తగ్గిందో లేదో కాగితంతో చూడండి. బైకార్బనేటు మరీ ఎక్కువుంటే ఇంకొంచెం పడుతుంది. చేతులకు గ్లవుజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

ఎక్కువమంది తడబడేది ఈ వరుస దగ్గరే. ఆమ్లం ముందు పోసి తర్వాత వడకడితే మట్టి రేణువులకు అంటుకున్న యురేనియం కరిగి లెక్కలో చేరుతుంది, అంకె ఉన్నదానికంటే పెరుగుతుంది. అసలు ఆమ్లమే పోయకపోతే కొంత సీసా గోడకు అంటుకుని అంకె తగ్గుతుంది.

రెండో సీసా సేంద్రియ కార్బన్‌కు: ముదురు రంగు గాజుది. ఇదీ వడకట్టిన నీరే, కానీ నైట్రిక్ వద్దు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడాలి. ఇక్కడా వడకట్టాకే ఆమ్లం. లేదంటే హ్యూమిక్ ఆమ్లాలు విరిగి ఫిల్టరు మీదే ఉండిపోతాయి. మూడో సీసా బైకార్బనేటు, కాల్షియం, నైట్రేట్‌లకు: ఆమ్లం లేకుండా, గాలి మిగలకుండా అంచుదాకా నింపి ఐసులో పెట్టి 24 గంటల్లో ల్యాబుకు చేర్చాలి. ఎరువుల నుంచి వచ్చే నైట్రేట్ కరగని యురేనియాన్ని మళ్లీ కరిగే రూపంలోకి మార్చగలదు, అందుకే దాన్నీ అడగమంటున్నాం. ఇవి కాక, డిస్టిల్డ్ వాటర్‌ను కూడా మొదటి సీసాకు చెప్పిన వరుసలోనే ఒక సీసా నింపి పంపండి. అందులో యురేనియం కనిపిస్తే తప్పు మీ సీసాలోనో ఫిల్టరులోనో ఉంది.

ల్యాబులో ఫ్లోరిమీటరుతో (వెలుగు పడినప్పుడు యురేనియం తిరిగి ఇచ్చే వెలుగును కొలిచే యంత్రం) కొలిస్తే ఒక మాట అడగాలి. గోధుమరంగు నీళ్లలో సేంద్రియ పదార్థం వెలుగును మింగేస్తుంది, తానూ కొంత వెలుగుతుంది. తెలిసిన మోతాదు యురేనియం కలిపి మళ్లీ కొలవమనండి. లీటరుకు 10 మైక్రోగ్రాములు కలిపినా రీడింగు 6 మాత్రమే పెరిగిందంటే, మొదట 12 చూపించిన నీళ్లలో అసలున్నది 20 దాకా. అణువుల బరువును బట్టి లోహాలను లెక్కించే ఐసీపీ-ఎంఎస్ యంత్రంలో ఈ వెలుగు గొడవ ఉండదు. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు. దాటితే కాచి తాగడం వల్ల లాభం లేదు, నీరు ఆవిరై యురేనియం ఇంకా చిక్కబడుతుంది, ఆర్వో తగ్గిస్తుంది.

చెరువు పూడిక మట్టి తీసేటప్పుడు నీటి అడుగున ఉన్న నల్లటి పొరను తీసుకోండి. అక్కడ గాలి ఆడదు కాబట్టి సూక్ష్మజీవులు యురేనియాన్ని కరగని రూపానికి మార్చేస్తాయి. డబ్బా నిండా కుక్కి, గాలి చొరకుండా మూసి ఐసులో పంపాలి. ఎండబెట్టి పంపితే మట్టిలోని మొత్తం యురేనియం మారదు గానీ, అందులో నీళ్లకు కరిగే వాటా పెరుగుతుంది. చెరువు ఎండిపోయినప్పుడు జరిగేదీ అదే. ఎండిన మట్టినీ వేరే డబ్బాలో పంపి, రెండింటినీ అదే బోరు నీళ్లతో కలిపి కుదిపి, దిగిన యురేనియాన్ని కొలవమనండి.