కర్ర నీడతో పిల్లలకు సూర్యుడి దారిని ఎలా చూపించాలి?

పిల్లలను ఆరుబయటకు తీసుకెళ్లి ఒకే పూటలో పది ప్రయోగాలు చూపించడం కంటే, ఒక కర్రను నిలబెట్టి దాని నీడ కదలికను రోజంతా వారి చేతనే గుర్తింపజేయడం మేలు. ఇందుకు అర మీటరు పొడవున్న నిటారైన కర్ర, సుద్దముక్కలు, గులకరాళ్లు, దారం, ఒక గడియారం ఉంటే చాలు. మబ్బు లేని రోజును ఎంచుకోవాలి. సూర్యుడి వైపు నేరుగా చూడకూడదని, చూడవలసింది నేలనే అని పిల్లలకు ముందుగానే గట్టిగా చెప్పాలి.

ఉదయం నుంచి సాయంత్రం వరకు చెట్టు నీడ గాని గోడ నీడ గాని పడని చదునైన స్థలం కావాలి. నేల ఏటవాలుగా ఉంటే కొలతలన్నీ తప్పుతాయి. దారానికి చిన్న రాయి కట్టి కర్ర పక్కన వేలాడదీసి, కర్ర ఆ దారానికి సమాంతరంగా ఉందో లేదో రెండు వైపుల నుంచి పిల్లలనే చూడమనాలి. పొడవైన కర్ర అయితే బాగుంటుందని తోస్తుంది కానీ, ఆకాశంలో సూర్యుడు చుక్కలా కాక సుమారు అర డిగ్రీ వెడల్పున్న బిళ్లలా కనిపిస్తాడు కనుక నీడ అంచు మసకబారుతుంది, కర్ర పొడవు పెరిగేకొద్దీ ఆ మసక కూడా పెరుగుతుంది. కర్ర కొనకు గోళీ అంత బంకమట్టి ఉండను అంటించి, ఆ ఉండ నీడ మధ్యభాగాన్ని గుర్తిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

ఉదయం 9 గంటల ప్రాంతంలో నీడ కొన దగ్గర మొదటి గుర్తు పెట్టి, పక్కన సమయం రాయించాలి. తరువాత చేయవలసినదే ఈ పాఠానికి ప్రాణం: గంట తరువాత నీడ కొన ఎక్కడ ఉంటుందో ఊహించి, ప్రతి పిల్లవాడూ తన పేరు రాసిన గులకరాయిని అక్కడ ఉంచాలి. చాలామంది మొదట్లో తప్పుతారు. అప్పుడు ఉపాధ్యాయుడు జవాబు చెప్పకుండా ఓర్చుకోవాలి, ఇది అనుకున్నంత సులభం కాదు. రెండు మూడు గంటలు గడిచేసరికి, మధ్యాహ్నం దగ్గరపడేకొద్దీ గుర్తుల మధ్య దూరం తగ్గుతోందని ఎవరో ఒకరు తప్పక పసిగడతారు.

సంఖ్యలతో కొలవడం ఇంకా రాని ఒకటి, రెండు తరగతుల పిల్లలు ప్రతి గంటకూ నీడ పొడవుకు సరిపడా దారం కత్తిరించి, ఆ ముక్కలను ఒక అట్ట మీద వరుసగా వేలాడదీస్తే నీడ తగ్గి మళ్లీ పెరిగిన తీరు రేఖాచిత్రంలా కంటికి కనిపిస్తుంది. పై తరగతుల వారు సెంటీమీటర్లలో కొలిచి పట్టిక వేయవచ్చు.

ఇదే కర్రతో దిక్కులు కూడా కనుక్కోవచ్చు. భారతీయ ఖగోళ శాస్త్రజ్ఞులు శంకువు అనే నిటారు కర్రతో చేసిన పద్ధతి ఇది. ఉదయం పెట్టిన ఏదో ఒక గుర్తు దాకా దారం చాచి, కర్ర మొదలు కేంద్రంగా వృత్తం గీయాలి. నీడ కొన క్రమంగా వృత్తం లోపలికి వచ్చి, మధ్యాహ్నం దాటాక మళ్లీ వృత్తాన్ని తాకుతుంది. ఆ చోటును గుర్తించి రెండు గుర్తులనూ కలిపితే పడమర నుంచి తూర్పుకు గీత వస్తుంది, ఉదయపు గుర్తు ఉన్నది పడమర. ఆ గీతకు పుస్తకం అంచును ఆనించి లంబంగా మరో గీత గీస్తే అది ఉత్తర దక్షిణ రేఖ. మధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే ఉంటుందని మాత్రం చెప్పవద్దు. భూమధ్యరేఖకు రెండు వైపులా సుమారు 23.5 డిగ్రీల లోపల ఉన్న ప్రదేశాలలో అది కొన్ని నెలలు ఉత్తరానికి, కొన్ని నెలలు దక్షిణానికి పడుతుంది, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చిన రోజున నీడ కర్ర మొదట్లోనే అణిగిపోతుంది.

అతి పొట్టి నీడ పడిన సమయం గడియారంలో 12 గంటలతో కలవకపోతే పిల్లలు తాము పొరబడ్డామని అనుకుంటారు. నిజానికి ఒక ప్రాంతమంతటికీ గడియారపు సమయం ఒకటే అయినా, ఒక్కో డిగ్రీ రేఖాంశానికి సూర్యుడి మధ్యాహ్నం 4 నిమిషాలు మారుతుంది. దీనికి తోడు సంవత్సరంలోని రోజును బట్టి మరో పావుగంట వరకు తేడా రావచ్చు.

భూమి తిరుగుతోందని ఈ కర్ర రుజువు చేయదు, సూర్యుడు తిరిగినా నీడ ఇలాగే కదిలేది. ఈ సందేహం పిల్లల నుంచి వస్తే మెచ్చుకుని, గదిలో దీపం ముందు బంతికి గుండుసూది గుచ్చి, బంతిని మెల్లగా తిప్పుతూ సూది నీడను చూపించాలి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుందని చెప్పవచ్చు గాని, నేల మీద నీడ కూడా గంటకు అంతే తిరుగుతుందని చెప్పకూడదు. పిల్లలు కోణాలు కొలిచి చూస్తే ఆ మాట నిలవదు.

నెల తరువాత అదే చోట, అదే ఎత్తు కర్రతో, అవే సమయాలకు మళ్లీ గుర్తులు పెట్టించి, కొత్త దారాలను పాత వాటి పక్కనే కట్టించాలి.